పగడాల తొట్టిలో పెట్టిన చెయ్యి

సోమవారం పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే కుడిచేతి నడిమివేలు సగంలో ఆగిపోయింది. నొప్పి లేదు, కానీ వేలు వంగలేదు. చూస్తే మధ్య కణుపు మీద కందిగింజంత గడ్డ. ఏదో పురుగు కుట్టి ఉంటుందనుకుని ఆరోగ్యం డైరీలో ఒక్క వాక్యం రాశాను: "కుడి నడిమివేలు, కణుపు మీద గడ్డ, నొప్పి లేదు."

నాది నంద్యాల. నీటిపారుదల శాఖలో కాలువ గేజీలు చూసే పని చేసి రిటైరయ్యాను. రోజుకు రెండుసార్లు నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించడమే నా ఉద్యోగం. ఆ అలవాటు పోలేదు. ఆరోగ్యానికి ఒక డైరీ, ఇంటి విషయాలకు ఒకటి, పగడాల తొట్టికి ఒక నోటుబుక్కు. దేని సంగతి దానిలోనే రాస్తాను, ఒకదానిలోది ఇంకొకదానిలోకి రానివ్వను. ఆ పద్ధతి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. నా చెయ్యి అంతగా పాడవడానికి అదీ ఒక కారణమని ఇప్పుడు ఒప్పుకోవాలి.

తొట్టి సంగతి చెప్తాను. నాలుగడుగుల గాజుతొట్టి, ఉప్పునీళ్లు, పైన నీలం దీపాలు, లోపల రాతి పగడాలు. చూసేవాళ్లకు అవి రంగురాళ్లలా కనిపిస్తాయి. నిజానికి రాయి వాటి గూడు, దాని మీద పరుచుకుని ఉన్నది ప్రాణమున్న జీవి. మన సముద్రంలోంచి పగడాలు తీయడం నేరం కాబట్టి, విదేశాల్లో తొట్లలోనే పెంచినవాటిని కాగితాలు చూసి మరీ తెప్పించుకున్నాను. పళ్లెంలా పరుచుకునే ఎర్రది ఒకటి, అదే రకంలో పచ్చది ఒకటి, కొమ్మలుగా లేచే ఊదారంగువి మూడు. నంద్యాల ఎండల్లో వాటి నీళ్లను ఇరవయ్యారు డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి నీళ్లు చల్లబరిచే యంత్రం కూడా పెట్టాను.

బాగా పెరిగిన పగడాన్ని ముక్కలు చేసి వేరే రాతి మీద అతికిస్తే ప్రతి ముక్కా కొత్తగా పెరుగుతుంది. అలా ముక్కలు చేయడానికి సన్న ఉలి ఇచ్చి, పట్టు నేర్పినవాడు ఆళ్లగడ్డ శిల్పి ఓబులేసు. ఒకప్పుడు మా గేజీ రాళ్ల మీద అంకెలు చెక్కేవాడు. అప్పటి స్నేహం. నెలకోసారి పోయి అతని షెడ్డులో కూర్చుని వస్తుంటాను. చేతికి గ్లౌజులు వేసుకోవాలా అని అడిగితే నవ్వాడు.

"గ్లౌజులేసుకుంటే రాయి యాడ పగులుతాందో చేతికి తెల్దన్నా. వట్టి చేతుల్తోనే కొట్టాల."

నల్లరాయి చెక్కేవాడికి ఆ మాట సరైనదే. నేను దాన్ని తొట్టి నీళ్లలో, ప్రాణమున్న జీవి మీద పాటించాను.

మూడు వారాలకు కందిగింజ కాస్తా బఠాణీ అయింది. ఊదారంగుకు తిరిగి, పైతోలు చిట్లి, పసుపుపచ్చని పల్చటి నీరు కారడం మొదలైంది. వాసన లేదు గానీ చూస్తే ఒళ్లు జలదరించేది. ఆళ్లగడ్డ పోయినప్పుడు ఓబులేసు నా వేలు పట్టుకుని చూశాడు.

"ఏందన్నా ఇది, ఇట్ల పెట్టుకోని తిరుగుతాండావ్? రాయి ముక్క లోపల దిగుండాది. మాకు నెలకోటి దిగుతాంటాది. ఉండు, తీస్తా."

సూదిని మంటలో కాల్చి, కణుపు దగ్గర గుచ్చి కెలికాడు. ముక్క రాలేదు. సగ్గుబియ్యం జావలాంటి చీము వచ్చింది. "శానా లోతుకు పోయింది" అని తేల్చేశాడు. ఇంటికొచ్చి ఆరోగ్యం డైరీలో "రాతి ముక్క" అని రాసుకున్నాను. ఒకసారి రాసుకున్న తర్వాత దాన్ని అనుమానించే అలవాటు నాకు లేదు.

నంద్యాలలో చూపించుకున్న డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. "స్టోన్ ఏమీ కనిపించట్లేదండీ. సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్ అయుండొచ్చు. షుగర్ ఉందా? ముల్లు గుచ్చుకుందా? తోటపని చేస్తారా?" అన్నింటికీ లేదన్నాను. రాతిపని దగ్గర కూర్చుంటానని మాత్రం చెప్పాను. ఏడు రోజుల యాంటీబయాటిక్ పనిచేయలేదు.

ఈ మధ్యలో నేను చేసిన ఇంకో పని రాయాలంటే అసహ్యంగా ఉంది. ఉప్పునీళ్లు పుండుకు మంచివని చిన్నప్పటి నుంచి విన్నాను. ఇంట్లో అంత ఉప్పునీరు ఉండగా వేరే కలపడం ఎందుకని, తొట్టి శుభ్రం చేసే వేళకు కట్టు విప్పి, పుండు పడిన వేలిని ఆ నీళ్లలోనే కాసేపు ముంచి ఉంచేవాణ్ణి. నా భార్య రూతమ్మ చూసి ముక్కు మూసుకుంది.

"ఏమయ్యా, ఆ పాచినీళ్లలో పుండు కడుక్కుంటాండావే, నీకు రోతగా లేదా?"

"పాచి కాదు. వారానికోసారి టెస్ట్ చేస్తున్న నీళ్లు" అన్నాను.

నా టెస్టులన్నీ పగడాలకు ఆ నీళ్లు పడతాయా లేదా అని చెప్పేవే. మనిషికి పడతాయా అని చెప్పే టెస్టు వాటిలో ఒక్కటీ లేదు.

రెండో డాక్టరు వేలు నొక్కి చూసి, "టెనోసైనోవైటిస్, వేలిని వంచే నరం తొడుగు వాచింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తే వాపు దిగిపోతుంది" అన్నాడు. దిగింది. నాలుగు రోజులు వేలు వంగింది. సంతోషంతో డైరీలో గీత గీసి "నయం" అని రాశాను. పదో రోజు స్నానం చేస్తుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా ఐదు గడ్డలు వరుసగా తగిలాయి, దండకు గుచ్చిన పూసల్లాగా. వారానికల్లా అందులో రెండు పగిలాయి.

ఆ ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నా కట్టు కేసి చూసి, మెల్లగా బెంచీ చివరికి జరిగాడు. ఆరాధన అయ్యాక దూరం నుంచే అడిగాడు. "ఏందప్పా ఆ చెయ్యి? కుష్టు గాదు గదా?" ఆయన మీద నాకు కోపం రాలేదు. నా చేతి పక్కన కూర్చోవడం నాకే ఇష్టం లేదు. అన్నం కూడా ఎడమచేత్తో స్పూనుతో తినేవాణ్ణి. కట్టు విప్పిన దూదిని రూతమ్మ కాగితంలో చుట్టి తీసుకుపోతుంటే తల పక్కకు తిప్పుకునేవాణ్ణి.

కర్నూలుకు పోదామని పట్టుబట్టింది రూతమ్మే. అక్కడ చర్మవ్యాధుల డాక్టరమ్మ గడ్డల వరుస చూసి, కాగితం మీద చెయ్యి బొమ్మ వేసుకుని, ఒక్కొక్క గడ్డా ఏ రోజు వచ్చిందో అడిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆరోగ్యం డైరీ తీసి వరుసగా చదివాను. అంతా విని, "ఇవన్నీ గడ్డ వచ్చిన తర్వాతి సంగతులు. అంతకు ముందు నెలలో మీ చేతులు ఏమేం ముట్టుకున్నాయో చెప్పండి" అంది.

"రాతిపని" అన్నాను.

రూతమ్మ ఊరుకోలేదు. "ఆ ఉప్పు తొట్టి సంగతి చెప్పవేంది? పొద్దుమానం చెయ్యి దాంట్లోనే గదా పెట్టుకోనుండేది!"

"అది వేరే నోటుబుక్కులో ఉంది" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నా ముఖం కేసి చూసింది. "ఆ నోటుబుక్కులో ఏముందో ఫోన్ చేసి కనుక్కోండి."

పక్కింటావిడ దగ్గర తాళం ఉంది. ఆమెతో తీయించి చదివించాం. మొదటి గడ్డ కనిపించడానికి ఇరవై రెండు రోజుల ముందు నా చేతిరాతలోనే ఉంది: "ఎర్ర పళ్లెం రెండు ముక్కలు. పచ్చ పళ్లెం మూడు ముక్కలు. నడిమివేలు గీరుకుంది. నీళ్ల ఉష్ణోగ్రత సరిగా ఉంది." నా వేలు గీరుకుంటే పగడాల పుస్తకంలో రాసుకుని, నీళ్ల ఉష్ణోగ్రత చూసుకుని ఊరుకున్నాను.

"మైకోబాక్టీరియం మారినం అయుండొచ్చు" అంది డాక్టరమ్మ. "టీబీ కుటుంబంలోదే, నీళ్లలో ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. బయాప్సీకి చిన్న ముక్క తీసి కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడ్డానికి పంపుదాం. మామూలుగా ముప్పై ఏడు డిగ్రీల్లో పెడితే ఇది సరిగా పెరగదు. ముప్పైలో పెట్టమని ల్యాబ్‌కు నేనే రాసిస్తాను. మీరు తొట్టి సంగతి చెప్పకపోతే అలా రాసేదాన్ని కాదు, రిపోర్ట్ నెగటివ్ వచ్చేది." ఎమ్మారై కూడా తీయించింది. ఇన్ఫెక్షన్ నరం తొడుగులోకి దిగింది. చేతి సర్జన్ దాచకుండా చెప్పాడు. "శుభ్రం చేస్తాను. వేలు నిలుస్తుందని మాటివ్వలేను. లేటయ్యింది."

రాసే చేతి నడిమివేలు అది. బడిలో పలక పట్టిన రోజు నుంచి పెన్ను దాని మీదే ఆనింది. ఇంటికొచ్చి ఎడమచేత్తో నా పేరు రాయబోయాను. ఒక్క అక్షరమూ కుదరలేదు.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ చిన్న గిన్నెలో బయటకు తీసింది చూపించాడు. తెల్లగా, నున్నగా, ఉడికిన అన్నం మెతుకుల్లాంటివి చెంచాడు. "వీటిని రైస్ బాడీస్ అంటాం" అన్నాడు. అవి నా వేలి లోపలివి. ఆ తర్వాత పదిహేను రోజులు అన్నం ముట్టలేకపోయాను. రూతమ్మ జొన్నరొట్టె చేసిపెట్టింది. ఓబులేసు చూడ్డానికొచ్చాడు. సర్జన్ చూపించింది నేను వర్ణించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలన్నా! ఇంటికి పోయి బువ్వ తినాల నేను." నా వేలి కట్టు కేసి చూసి, "సూదితో కెలికినోణ్ణి నేనే గదా" అన్నాడు.

కల్చర్ పాజిటివ్ వచ్చింది. క్లారిత్రోమైసిన్, ఇథాంబ్యుటాల్ అనే మందులు నెలల తరబడి వాడాలన్నారు. మొదటి మాత్రతో నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు చేదు, మంచినీళ్లు తాగినా అదే. ఇథాంబ్యుటాల్ వల్ల కంటి చూపులో తేడా వస్తే వెంటనే చెప్పమన్నారు. చెప్తానన్నాను, డైరీలో రాసుకున్నాను.

రెండో నెలలో ఒకరోజు తొట్టి కేసి చూస్తే ఎర్ర పళ్లెం బూడిదరంగుకు తిరిగి ఉంది. పచ్చది కూడా అదే రంగు. చనిపోయాయనుకున్నాను. నన్ను ఇంత చేసి ఇవి కూడా చచ్చాయన్న కసితో, ఎడమచేతికి పొడుగు గ్లౌజు వేసుకుని, ఎర్రదాన్ని ఊడబీకి బకెట్లో పడేశాను. రూతమ్మ వచ్చి వంగి చూసింది.

"ఏందయ్యా, నిగనిగలాడతాండే దాన్ని పారేస్తాండావ్?"

"చచ్చింది. రంగు పోయింది."

"యాడ పోయింది? కుంకం మాదిరి ఎర్రగా ఉంటే!"

నేను మళ్లీ చూశాను. బూడిదే. గుమ్మానికి వేసిన ఎర్రటి తెర కేసి చూశాను. అదీ బూడిదే. ఎర్రదాన్ని మళ్లీ తొట్టిలోకి వదిలి, ఆ మధ్యాహ్నమే కర్నూలు పోయాం. కంటి డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టాడు. ఒక్క అంకె కూడా చదవలేకపోయాను. ఇథాంబ్యుటాల్ ఆపేసి రిఫాంపిసిన్ ఇచ్చారు. దానితో ఒంటేలు, కన్నీళ్లు కూడా నారింజరంగు. ఆ రంగు మొదట్లో నాకు తెలియలేదు, తెల్ల తువ్వాలు మీద మరక చూసి రూతమ్మ చెప్పింది. ఎరుపు మళ్లీ ఎరుపుగా కనబడడానికి మూడు నెలలు పట్టింది.

మొత్తం ఎనిమిది నెలలు మందులు మింగాను. చేతి మీద గడ్డలున్న చోట ఐదు ఊదా మచ్చలు మిగిలాయి. వేలు పోలేదు. అయితే అరచేతిని తాకదు, ముప్పావు వంతు దగ్గర ఆగుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఇంతకంటే రాదంది. పెన్ను ఇప్పుడు ఉంగరపు వేలి మీద ఆనించి రాస్తాను, రోజుకు అరపేజీ. ఈ వ్యాసానికి పదకొండు రోజులు పట్టింది.

పగడాలను హైదరాబాదులో పెంచేవాళ్లు వచ్చి గ్లౌజులతో తీసుకుపోయారు. వాళ్లకు జరిగిందంతా చెప్పే ఇచ్చాను. అవి అందమైనవే, వాటి తప్పేమీ లేదు. నేను మాత్రం ఉప్పునీటి వాసన తగిలితే ఇప్పటికీ అక్కడి నుంచి లేచి పోతాను. ఖాళీ తొట్టిని బ్లీచింగ్ వేసి కడిగించి పాత సామానువాడికి ఇచ్చేశాం. ఇప్పుడు నాకు ఒకే డైరీ. చెయ్యి, ఇల్లు, ప్రార్థన, కూరగాయలు అన్నీ ఒకే పేజీలో పడతాయి. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. చేతి మీద పుండు మూడు వారాలకూ మానకపోతే, డాక్టరు దగ్గరికి పోయేముందు ఒక చీటీ రాసుకోండి. గడ్డ రాకముందు నెల రోజుల్లో ఆ చెయ్యి ఏ నీళ్లలో, ఏ మట్టిలో, ఏ జంతువు దగ్గర పెట్టారో రాయండి. సంబంధం ఉందా లేదా అని మీరు తేల్చకండి, అది డాక్టరు పని. అడిగేదాకా ఆగకుండా చీటీ చేతికివ్వండి. నేను మొదటి డాక్టరుకే ఆ చీటీ ఇచ్చి ఉంటే, ఈపాటికి పిడికిలి బిగించగలిగేవాణ్ణి.