పక్క లైటు

మా ఆయన వెంకటకృష్ణారావుకి కంప్యూటరంటే ఒళ్ళుమంట. బెజవాడ వన్ టౌన్‌లో ఇరవై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపారు. పెళ్ళికూతురి మొటిమ చెరిపెయ్యమని ఎవరైనా అడిగితే, "ముఖం దేవుడిచ్చాడు, వెలుతురు నేనిస్తాను. చెరపడానికి నేనెవర్నండీ?" అనేవారు. లైటు కాస్త పక్కకి జరిపి, ఎదురుగా తెల్ల అట్ట నిలబెట్టి, ఉన్న ముఖాన్నే ముచ్చటగా చూపించేవారు. జగమొండి మనిషి! రెండువేల నాలుగులో మా తమ్ముడు చిట్టిబాబు కంప్యూటరు తెచ్చి మూలన పెడితే, నెలరోజులు దానికి వీపు పెట్టుకునే కూర్చున్నారు.

ఆ వేసవిలోనే మెడకి తువ్వాలు చుట్టడం మొదలుపెట్టారు. బెజవాడ ఎండల్లో! ఇదేం చోద్యమండీ అంటే జలుబన్నారు. ముద్ద ముద్దకీ మంచినీళ్ళు తాగేవారు. గట్టిగా అడిగితే కసిరేవారు. నా మనసు కీడు శంకిస్తూనే ఉంది.

ఇంతలో చిట్టిబాబు ఆయన ఫోటోతో స్టూడియోకి కొత్త ఫ్లెక్సీ బోర్డు చేయించాడు. బజారంతా మెచ్చుకుంది. నా చూపు మాత్రం ఫోటోలో ఆయన మెడ దగ్గరే ఆగిపోయింది. చెవికింద కందిగింజంత పుట్టుమచ్చ ఉండాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నదాన్ని, నాకు తెలీదూ! అది లేదు.

"ఒరేయ్, మీ బావ పుట్టుమచ్చేదిరా?"

"బావగారే తీసెయ్యమన్నారక్కా."

"ఆయనా? చచ్చినా అనరు."

వాడు తల దించుకున్నాడు. "మచ్చ కాదక్కా, దాని కింద వాపు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. అది తీస్తుంటే మచ్చా పోయింది."

వెంటనే కోపం ముంచుకొచ్చింది. ఊళ్ళోవాళ్ళ మొటిమ చెరపని మహానుభావుడు, కట్టుకున్నదాని దగ్గర దాచడానికి కంప్యూటరుకి దణ్ణం పెట్టారా!

లోపలికెళ్ళి స్టూడియో తలుపేశాను. ఆయన్ని స్టూలు మీద కూర్చోమన్నాను.

"ఏంటే ఇది?"

"నోరు మూసుకుని కూర్చోండి."

తువ్వాలు లాగేశాను. ఎదురు లైటు ఆర్పి, పక్క లైటొక్కటే వేశాను. ఎత్తుపల్లాలు తెలియాలంటే వెలుతురు పక్కనుంచే రావాలని నాకు నేర్పింది ఆయనే.

చెవికింద నిమ్మకాయంత గడ్డ. దాని నీడ మెడ పొడుగునా పడింది. పుట్టుమచ్చ దాని మీద సాగిపోయి ఉంది.

"ఈ లైట్లోనే మొదట చూశానే," అన్నారు. "భయమేసింది. వాడు చేసిన ఫోటో చూసుకుంటే, లేదేమోలే అనిపించేది."

ఆయన నోట భయమన్న మాట వినడం అదే మొదలు. ఏడుపు ఆపుకుంటూ వేలితో తాకాను. రాయిలా ఉంది.