బుంగత్త సంతకం

మా మేనత్త ఇరవై రెండేళ్ళుగా ఒకే బేకరీలో, ఒకే ఓవెన్ ముందు పనిచేసింది. అక్కడే కౌంటర్‌లో బిల్లులు కొట్టే నేను కళ్ళారా చూసిన సంగతి ఇది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆవిడ చేసేవి బుంగబన్నులు. ఈస్టు లేదు, సోడా ఉప్పు లేదు. గుడ్లు, పాలు, మైదా, చిటికెడు ఉప్పు, అంతే. ఆ జారుడు పిండిని పొగలు కక్కే ఇనప గుంటల పెనంలో పోసి ఓవెన్‌లో పెడితే, తమ లోపలి ఆవిరికే ఉబ్బి గుంట అంచులు దాటి లేస్తాయి. పైన కరకర, లోపల డొల్ల. పైపొర గట్టిపడేదాకా మాత్రం తలుపు తీయకూడదు. తీశారో, చతికిలబడతాయి. అందుకని అత్త పెనం లోపల పెట్టగానే తన ఏప్రన్ విప్పి, దాని తాళ్ళతో ఓవెన్ పిడికి ముడేసేది. ఓనరు గారు కూడా ఆ ముడి జోలికి పోయేవారు కాదు. "బుంగత్త ముడి పడింది, ఇక అరగంట ఎవరికీ దర్శనం లేదు" అని నవ్వుకునేవాళ్ళం.

ఓనరు గారు మంచాన పడ్డాక ఆయన బావమరిది మేనేజరుగా దిగాడు. పిండి కలపడం మాట దేవుడెరుగు, జల్లెడ ఎలా పట్టుకోవాలో తెలియని మనిషి. వచ్చిన మూడోవారమే ఒక పెద్ద హోటల్ వాళ్ళను రుచి చూడ్డానికి పిలిచాడు. నచ్చితే రోజూ ఆర్డరు ఇస్తారట.

ఆ ఉదయం అత్త పెనాన్ని రెండుసార్లు తుడిచి నూనె రాసింది. కాలిన పెనంలో పిండి పోసింది, ముడి వేసింది. పదిహేనో నిమిషంలో మేనేజరు అతిథులను వెంటబెట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"ఎలా పొంగుతున్నాయో చూపిస్తా రండి" అంటూ ముడి మీద చెయ్యేశాడు.

"వద్దు బాబూ, ఇంకో పావుగంట ఆగండి. ఇప్పుడు తీస్తే పడిపోతాయి" అంది అత్త.

"నాకే చెప్తావేంటమ్మా? పక్కకి జరుగు."

అత్త కదల్లేదు. అతను మోచేత్తో ఆమెను పక్కకు నెట్టి, ముడి విప్పి, తలుపు బార్లా తెరిచాడు. ఆరు బన్నులూ మా కళ్ళ ముందే ముడతలు పడి గుంటల్లోకి కుంగిపోయాయి. హోటల్ వాళ్ళు "తర్వాత కబురు చేస్తాం" అని మర్యాదగా వెళ్ళిపోయారు.

అంత నిర్వాకం చేసినవాడు సిగ్గుతో తల దించుకోవాలా, వద్దా? అబ్బే! మధ్యాహ్నానికల్లా అత్తను అంట్ల దగ్గరికి మార్చాడు. పైగా ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు: "నా అజాగ్రత్త వల్ల సరుకు పాడైంది." కింద ఆవిడ సంతకం పెట్టాలట. దాన్ని ఓనరు గారికి చూపిస్తాడట. ఇన్నేళ్ళలో ఒక్క పెనం కూడా మాడ్చని మనిషి, తన పనితనం మీద తన చేత్తోనే మచ్చ వేసుకోవాలట! నాకు రక్తం ఉడికిపోయింది. అయినా చేతిలోని బిల్లు పుస్తకం తిరగేస్తూ నిలబడ్డాను; నాదీ అక్కడి ఉద్యోగమే మరి. ఆ పిరికితనానికి నా మీద నాకే అసహ్యం.

అత్త చేతులు తుడుచుకుని కాగితం చదివింది. వెనక్కి తిప్పి నిదానంగా రాసింది: "పదిహేనో నిమిషంలో మేనేజరు గారు తలుపు తీశారు. నేను వద్దన్నాను. అందుకే పడిపోయాయి." కింద పొడుగ్గా సంతకం పెట్టి ఇచ్చింది.

అతను చదివి చింపేశాడు. అత్త నన్ను తెల్లకాగితం అడిగి, వంటగది అంతా చూస్తుండగా అవే మాటలు మళ్ళీ రాసింది. అదీ చింపాడు. ఈసారి ఆవిడ అడక్కముందే నేను కౌంటర్‌లోని కాగితాల కట్ట మొత్తం తెచ్చి ముందు పెట్టాను.

"ఎన్నిసార్లు రాస్తావ్?" అని అరిచాడు మేనేజరు.

"మీరు చింపినన్నిసార్లు, బాబూ" అంది అత్త, పెన్ను మూత తీస్తూ. "అంట్లకి నిమిషాల లెక్క లేదుగా, అవి ఆగుతాయి."