షుగర్ వేరు, చక్కెర వేరు

ఉధనా స్టేషన్ నుంచి డిండోలి పోయే షేర్ ఆటో వంతెన దిగుతుండగా, పక్కన కూర్చున్నావిడ తల రాజమల్లు భుజం మీదికి వాలింది. ముఖానికి మాస్కు, మెడంతా చెమట. వాన వెలిసి చల్లగాలి వీస్తున్న ఆషాఢపు పొద్దు. అంత చెమట పట్టే వేళ కాదు. ఆమె వేళ్లు చేతిసంచి జిప్పును పట్టుకోబోయి జారిపోతున్నాయి.

డ్రైవర్ అద్దంలో చూసి బండి ఆపేశాడు. "కోరోనా హై క్యా? ఉతారో!"

రెండో అల అప్పుడప్పుడే తగ్గిన 2021 అది. చెమట పట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా అదే మాట నోటికొచ్చేది. మిగతా వాళ్లు సీటు చివరికి జరిగారు. రాజమల్లు ఆమె రెక్క పట్టుకుని దింపి, మూసి ఉన్న చాయ్ బండి ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆటో వెళ్లిపోయింది. రాత్రంతా రైల్లో కూర్చొచ్చిన మనిషి రాజమల్లు. భుజానికి సంచి, అందులో చుట్టాల కోసం తెచ్చిన తీపి గరిజెల డబ్బా. పాతికేళ్లు సూరత్‌లో మరమగ్గాల సాంచాలు నడిపి, లాక్‌డౌన్‌లో సిరిసిల్ల చేరి, అక్కడా కాలు నిలవక మళ్లీ బయల్దేరాడు.

ఆమె ఎలాగో సంచిలోంచి కాగితపు పొట్లం తీసి విప్పింది. చక్కెర.

"షుగర్... షుగర్ పడిపోయింది," అంది, నాలుక మందమై.

రాజమల్లు పొట్లం లాక్కున్నాడు. ఇంట్లో భార్య నర్సవ్వకు ఏళ్లుగా షుగర్. ఆమెకు అందకుండా బెల్లం అటక మీద దాచడంలో చేయి తిరిగినవాడు. "పడిపోతె మంచిదే గదమ్మా! మల్ల గీ చక్కెర ఎందుకు?"

తెలుగువాళ్లు చిత్రమైన మనుషులు. వడ్లు, బియ్యం, అన్నం అని గింజ దశ మారినప్పుడల్లా పేరు మార్చారు. తీపి విషయంలోనూ అంతే: డబ్బాలో ఉంటే చక్కెర, ఒంట్లో ఉంటే షుగర్. షుగర్ వచ్చిందంటే ఏడుపు, తగ్గిందంటే దేవుడికి కొబ్బరికాయ. పండితులను అడిగితే రెండూ ఒకే శర్కర బిడ్డలంటారు. ఒకటి ఇంటిపట్టున ఉండిపోయింది. రెండోది సూరత్‌లాంటి ఏ రేవులోనో ఓడెక్కి, దేశాలు తిరిగి, రోగం పేరై తిరిగొచ్చింది. ఇన్నాళ్లూ ఎడబాసిన అక్కచెల్లెళ్లను రాజమల్లు గుర్తుపట్టలేకపోయాడు, అంతే.

"సస్తున్న..." ఆమె చేయి చాపింది. "ఇయ్యరాదుర మొగోడా!"

ఆ "మొగోడా" వినగానే అతని చేతిలోని పొట్లం దానంతటదే ఆమె చేతిలోకి వెళ్లింది. సూరత్ మొత్తంలో మగవాళ్లను అలా పిలిచే ఆడది ఒక్కతే. కానీ అంత భారీ మనిషి ఈ బక్కామె ఎలా అవుతుంది?

ఆమె చక్కెర నోట్లో పోసుకుని నీళ్లు తాగి, కళ్లు మూసుకుంది. బైకు మీద పోతున్నవాడొకడు "పీకే పడీ హై," తాగి పడి ఉందని నవ్వాడు. మందు నిషేధమున్న రాష్ట్రంలో తూలడమొక్కటే చాలు సాక్ష్యానికి.

కాసేపటికి చెమట ఆరింది. మాస్కు కిందికి లాగి చూసింది. "రాజన్నా! నువ్వేనా? గింత ముసలోడివైనవేందే?"

"ప్రమీలక్కా! నువ్వు సగమే ఉన్నవ్, మిగిలిన సగమేది?"

"దవాఖానల ఇచ్చొచ్చిన."

ఆమె కంటే రాజమల్లే పెద్ద. కానీ నవాగామ్‌లో ఆమె నడిపిన మెస్‌లో గంటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అక్క. డ్యూటీ దిగి, చెవుల్లో సాంచాల చప్పుడు ఇంకా మోగుతుండగా, పోగుల గంజి వాసన ఒంటి నిండా పులుముకుని కార్మికులంతా వచ్చేవాళ్లు. గడప నిండా ఆమె నిలబడి ఉండేది. ఆమె జరిగితేగాని లోపలి వెలుతురు బయటికొచ్చేది కాదు. మక్క రొట్టెలు, పచ్చిపులుసు, ఆదివారం బోటి కూర. చాలంటే ఊరుకునేది కాదు, "తినరాదుర మొగోడా! తల్లి లేదనుకున్నవా?" అని పళ్లెం నింపేది. తాపీ నది పొంగి కరెంటు లేక సాంచాలన్నీ ఆగిన ఏడాది, కట్టెల పొయ్యి రాజేసి అందరినీ సాకింది. అందరూ తిని లేచాక, గిన్నె ఒళ్లో పెట్టుకుని అడుగు మాడు గోక్కుంటూ తినేది. ఆ గోకుడు చప్పుడుకే పక్క గదిలో రాజమల్లుకు నిద్ర పట్టేది. ఊళ్లో సొంత మంచం మీద పడుకున్నా అంత నిద్ర మళ్లీ రాలేదు.

"మెస్ మూసి కొడుకింటికి పోయినంక మీరెవ్వరు కనవడకపోతిరి. మోకాళ్లు పోయినయ్, షుగర్ ముదిరింది," అందామె. "కరోనాకు ముందల, బరువు తగ్గనీకి కడుపు చిన్నగ కుట్టి, పేగు తిప్పి అతికిండ్రు. షుగర్ పోయిందని వాడంత పండుగ చేసిన. గిప్పుడు తీపి తింటె జర్రున దిగుతది, ఒళ్లు ఉలిక్కిపడి ఉన్న షుగరంత ఊడ్చేస్తది. గంటో రెండు గంటలో గాంగనె గిట్ల."

"మరి ఇయ్యాల ఏం తిన్నవ్?"

"ఉధనాల మా ఊరి భాగ్యలక్ష్మి ఇంట్ల బోనాలు. బెల్లమన్నం పెట్టింది. అమ్మోరి ప్రసాదం వద్దంటరా ఎవరన్న?"

రాజమల్లు గరిజెల డబ్బా మూత తీశాడు. ఆమె వంగి వాసన చూసింది, చాలాసేపు. తరువాత మూత తనే పెట్టేసింది. "గియ్యి తింటె ఇప్పుడు లేస్త, మల్ల గంటకు పడ్త. పడ్డప్పుడు మూడు చెంచాల చక్కెర, జరాగి పల్లీలు. గంతే. తిండి పెట్టి బతికినదాన్ని, తిండికి భయపడుతున్న సూడు." సంచిలోంచి వేయించిన పల్లీలు తీసి నమలసాగింది.

"ఒక్కదాన్ని ఎందుకు తిప్పుతున్నడు నీ కొడుకు?"

"ప్రణయ్‌కి తెల్వది. నవాగామ్‌ల మల్ల మెస్‌కు రూమ్ తీసుకుంటున్న, ఇయ్యాల తాళంచెయ్యి ఇస్తరు. పోరగాండ్లు ఊర్లకెల్లి తిరిగొస్తున్నరు, బయటి తిండి తిని సస్తున్నరు. పొయ్యికాడ ఒకపారి పడ్డ గని, గప్పట్ల గిది షుగర్ పడుడని నాకు దెల్వకపోయె. ఇంకోసారి పడితె మెస్ మాటెత్తొద్దన్నడు వాడు. నువ్వు చెప్పకు."

"చెప్పకుంటె? రేపు మసిలే నూనె ముందల పడితె?"

"ముందుగాల్నే ఎరుకైతది నాకు."

"ఇయ్యాల ఎరుకైందా మరి?"

ఆమె పల్లీల పొట్టు ఊదింది.

రాజమల్లు ఫోన్ తీశాడు. డిండోలిలో తాను దిగబోయేది చుట్టం గంగారాం ఇంట్లోనే. అతని దగ్గర ప్రణయ్ నంబరుంటుంది. లారీల మోతకు వీపు తిప్పి, ఒక చెవి మూసుకున్నాడు. అటు గంట మోగుతుండగా ఇటు తిరిగి చూస్తే బల్ల ఖాళీ. పల్లీల పొట్టు మాత్రం గాలికి దొర్లుతోంది.

ప్రమీల అప్పటికే రోడ్డు దాటింది. ఇంటివైపు కాదు, నవాగామ్ వైపు.

"హలో, ఏందే రాజన్నా?" అన్నాడు గంగారాం.

రాజమల్లు నోరు తెరిచాడు. ఎదురుగా ఆమె, లేని బరువును ఇంకా మోస్తున్నట్టే కాళ్లు ఎడంగా వేస్తూ నడుస్తోంది.

"ఏం లేదు," అన్నాడు. "జర ఆలస్యమైతదని చెప్దామని."

ఆమె బురద గుంత పక్కగా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, సైకిలువాణ్ణి ఆగమని చేయి చూపి, సందులోకి తిరిగింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.