బోర్డుకు కట్టిన చీర

మా అత్తగారింట్లో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. పుట్టిల్లు కర్దనూర్ కాబట్టి నేను కర్దనూరామెను. మా అత్తమ్మది చిట్కుల్ కాబట్టి ఆమె చిట్కులామె. ఒకే ఊరి నుంచి ఇద్దరు కోడళ్లొస్తే పెద్దామె, చిన్నామె అని తేడా చూపేవారే తప్ప, పేర్ల జోలికి మాత్రం పోయేవారు కాదు.

అందుకే పోతిరెడ్డిపల్లిలో రోడ్డు మీద చిన్న మడిగె కిరాయికి తీసుకుని కుట్టు దుకాణం పెట్టేటప్పుడు, బోర్డు మీద నా పేరే ఉండాలని పట్టుబట్టాను. పటాన్‌చెరు కంపెనీలో షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన, దేవుడి పేరు పెడితే బాగుంటుంది కదా అన్నాడు. దేవుళ్లకు ఊరినిండా బోర్డులున్నాయి, నాకే ఒక్కటీ లేదన్నాను. ఆయనే వెళ్లి పెయింటర్‌ను పిలుచుకొచ్చాడు.

పెయింటర్ చాచా పొడుగాటి రేకు మీద ఒక చివర కుట్టుమిషన్ బొమ్మ, మధ్యలో లేడీస్ టైలర్ అన్న మాట, ఇంకో చివర ఎర్రరంగులో నా పేరు రాశాడు. అయ్యగారు చెప్పిన ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి బోర్డు ఎక్కించాం. ముహూర్తం అడిగాం గానీ, మున్సిపాలిటీని అడగాలని మా వంశంలో ఎవరికీ తట్టలేదు.

మర్నాడే మున్సిపాలిటీ ఆయన వచ్చాడు. పర్మిషన్ లేని బోర్డు జనానికి కనబడకూడదు, దించండి అన్నాడు. ముహూర్తానికి ఎక్కించినది దించితే దుకాణం లేవదని అత్తమ్మ అడ్డం తిరిగింది. కనబడకూడదనే కదా నీ బాధ అని, ఇంట్లోంచి తన పాత చీర తెచ్చి బోర్డు నిండా చుట్టించింది. ఆయన తల గోక్కుని, దరఖాస్తు పెట్టుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

దరఖాస్తు పెట్టాను. వెళ్లినప్పుడల్లా సార్ మీటింగులో ఉన్నాడనేవారు. ఇంత ఊరికి అన్ని మీటింగులు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈలోగా చీర కప్పుకున్న బోర్డును చూడడానికే ఆడవాళ్లు ఆగేవారు, ఆగినవాళ్లు జాకెట్ గుడ్డ ఇచ్చిపోయేవారు. గిరాకీ బాగానే ఉంది గానీ, అందరి నోటా అది ‘ముసుగు దుకాణం’ అయి కూర్చుంది. నాకు ఒళ్లు మండేది. ఆ మాటే స్థిరపడితే నా పేరు రేకు మీద కూడా బతకదని భయపడ్డాను.

ఒక పొద్దున వాన పడి చీర తడిసి బోర్డుకు అతుక్కుపోయింది. ఎర్ర అక్షరాలన్నీ పైకి తేలాయి. సరిగ్గా అప్పుడే కొలతలు తీయడానికి మున్సిపాలిటీ ఆయన దిగాడు. ఆయన పైకి చూసి, నవ్వు ఆపుకోలేక గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టేపు పెట్టి చూసి, బోర్డు మడిగె వెడల్పు దాటి పక్కవాళ్ల గోడ మీదికి పోయిందని, అంత మేరకు కోయిస్తే పర్మిషన్ రాయిస్తానని అన్నాడు.

చాచాను పిలిపించాం. ఏదో ఒక చివర కోసి, మిగిలినదాన్ని జరిపి బిగించాలి. పేరు తీసేద్దామన్నాడు చాచా. మిషన్ బొమ్మైతే చదువురానివాళ్లకు కూడా తెలుస్తుందట. మా ఆయన తలూపాడు. చాచా మాట నిజమే, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. ఏడుపు కనబడకుండా లోపలి మిషన్ వైపు తిరిగాను.

చదువురాని అత్తమ్మే నోరు తెరిచింది.

“మిషన్ లోపలున్నది గద, ఎవలకైనా కనవడ్తది. పేరు ఏడ కనవడ్తది? నా పేరు ఈ ఊర్ల ఒక్కలకు ఎర్క లేదు. దీని పేరన్న ఉండనీ. మిషన్ కోసెయ్యి, సాబ్.”

కోసి బిగించాక మళ్లీ చుట్టిన చీరను, పర్మిషన్ కాగితం వచ్చిన రోజు ఆమే ముడి విప్పి లాగింది. నీ పేరు ఎక్కడ మొదలవుతుందని అడిగితే స్కేలుతో చూపించాను. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. ఆ తర్వాత కూడా ఇంట్లో నేను కర్దనూరామెనే, అది మారలేదు.

కానీ ఆ సాయంత్రమే ఒకామె వచ్చి, ముసుగు దుకాణం ఇదేనా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ బోర్డు వైపు చేయి చూపింది.

“అగో, పేరు రాసున్నది గద. సదువొస్తలేదా నీకు?”