జబ్బార్ సార్ చదివించిన ఒప్పందం

నిన్న సుబేదారిలో జిరాక్స్ షాపు ముందు నిలబడితే వెచ్చని కాగితం వాసన వచ్చింది. వెంటనే, లైబ్రరీలో మాకు జిరాక్స్‌లు తీసిచ్చిన జబ్బార్ సార్ గుర్తొచ్చారు. హనుమకొండలో నేను పరిశోధన చేసిన కాలేజీకి ఆయన లైబ్రేరియన్. నేను మా కేసముద్రం వైపు చేలల్లో పత్తిని తినే గులాబీ రంగు పురుగు మీద పని చేసేదాన్ని. ఒక ఉదయం నాకు కావలసిన వ్యాసమున్న పరిశోధన పత్రిక కంప్యూటర్లో తెరుచుకోలేదు. ప్రచురణ సంస్థ చందా పెంచడంతో కాలేజీ ఒప్పందం ఆగిపోయిందట. కంగారుపడుతుంటే సార్ నా పక్కకు కుర్చీ జరుపుకుని, "ఫికర్ జేయకు బిడ్డా. రాసినాయన ఉన్నడు గద, ఆయన్నే అడుగుదాం" అన్నారు. ఇద్దరం కలిసి మెయిల్ రాశాం. మూడో రోజు ఎక్కడో దూరదేశం నుంచి వ్యాసం వచ్చింది. ముఖం తెలియని మనిషిని అలా అడగవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

రెండేళ్లకు నా వ్యాసాన్నే ఒక పేరున్న పత్రిక అంగీకరించింది. ఆనందంతో, వ్యాసం మీద హక్కులు పత్రికకు రాసిచ్చే బదిలీ పత్రం తీసుకెళ్లి సార్‌కు చూపించాను.

"మొత్తం చదివినవా?"

"అందరు చేసే సంతకమే గద సార్."

"జర ఆగు. ఈ పత్తి ఎవలది? మీ కేసముద్రం దిక్కు రైతులది. రేపు వాళ్లే సదువుదామంటే పైసలు గట్టాలె."

వ్యాసాన్ని అందరికీ ఉచితంగా ఉంచాలంటే రాసినవాళ్లే పత్రికకు ఫీజు కట్టాలి. పెద్ద విద్యాసంస్థలు పత్రికలతో చేసుకున్న ఒప్పందాల్లో ఆ ఫీజు కలిసిపోతుంది. మా చిన్న కాలేజీ పేరు ఏ ఒప్పందంలోనూ లేదు. నాకు ఏడుపొచ్చింది. సార్ స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివి, చివరి పేజీలో ఆగారు. పత్రిక అచ్చువేసిన రూపం కాకుండా, వాళ్లు అంగీకరించిన నా రాతప్రతిని ఏడాది తర్వాత కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చని అక్కడ ఉంది. అది చూశాకే సంతకం పెట్టనిచ్చారు.

ఆ ఏడాదిలోనే సార్ రిటైరయ్యారు. కొత్త ఉద్యోగం హడావిడిలో నేను సంగతే మరిచిపోయాను. గడువు తీరిన రోజు ఆయన ఆటో దిగి, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి లైబ్రరీకి వచ్చి నాకు ఫోన్ చేశారు. "రాతప్రతి తీస్కొని రా బిడ్డా. నువ్వు మరుస్తవని నాకెరికే." సిగ్గుపడుతూ పరుగెత్తాను. పక్కన కూర్చుని వెబ్‌సైట్‌లో పెట్టించారు. కొన్ని వారాలకు కేసముద్రం దగ్గర పనిచేసే వ్యవసాయాధికారి ఒకాయన ఫోన్ చేసి, వెబ్‌సైట్‌లో దొరికిన నా వ్యాసాన్ని రైతులకు తెలుగులో చదివి వినిపించానన్నాడు. ఆ మాట సార్‌కు చెప్పాను. "మంచిగైంది" అన్నారు, అంతే.

సార్ ఇప్పుడు లేరు. ఒప్పంద పత్రం ఒక్క వరుస వదలకుండా చదివితే గాని సంతకం పెట్టనివ్వనని నా విద్యార్థులు విసుక్కుంటారు. ఎవరైనా నా వ్యాసం కావాలని రాస్తే, ఊరూ పేరూ అడగకుండా ఆ రోజే పంపిస్తాను. పంపాక, పక్కన సార్ కుర్చీ జరుపుకున్నట్టనిపించి, కాసేపు వేరే పని ముట్టుకోబుద్ధి కాదు.