మల్లికక్క మీద పడిన నింద

ఇన్నేళ్లుగా గుండెల మీద ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో ఆడింది కాదు. నా తప్పు ఇంకొకరి మీద పడుతుంటే పెదవి విప్పకుండా నిలబడ్డాను చూడు, అది. నీకు చెబుతున్నాను. ఓదార్చాలని మాత్రం చూడకు.

అప్పటికి నాకు పాతికేళ్లు నిండలేదు. నందిగామలో మా పార్టీ యువజన విభాగానికి పట్టణ కార్యదర్శిని. మా విభాగంలోనే తిరిగే సుధీర్, వత్సవాయి అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదివాడు. వాళ్ల అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి వెళ్లేవాళ్లు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాళ్లు. సుధీర్ మగవాళ్లను ప్రేమించేవాడు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, అతను ప్రేమించింది నన్నే. నేనూ అతన్ని ప్రేమించాను. ఈ ఒక్క మాట రాయడానికే నాకు ఇంత కాలం పట్టింది.

మాలాంటివాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ పార్టీలో ఒక విభాగం ఉండాలని సుధీర్ పట్టుబట్టాడు. బస్టాండు దగ్గర కొట్ల ముందు చేయి చాపి బతికే మల్లికక్కను కలిశాడు. ఆమె వెంట మరికొందరు వచ్చారు. వాళ్ల రేషన్ కార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. వాళ్లు పార్టీ ఆఫీసుకు వస్తే, కూర్చుని లేచీ లేవకముందే ఆ కుర్చీలను మావాళ్లు తడిగుడ్డతో తుడిచేవాళ్లు. నేను చూసి ఊరుకునేవాణ్ని. జగ్గయ్యపేటలో జరిగే యువజన సభలో తీర్మానం పెడతానన్నాడు సుధీర్. మా ఇద్దరి సంగతి మల్లికక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

సభకు ముందు మా నియోజకవర్గ నాయకుడు నన్ను ఒక్కణ్నే పిలిచాడు. జిల్లా కమిటీకి నా పేరు పంపిస్తున్నానని చెప్పి, టీ తెప్పించాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఆ సుధీర్‌గాడు వీళ్ల కోసం ఎందుకంత కొట్టుకుంటున్నాడ్రా? వాడూ ఆ బాపతేనా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"నువ్వూ వాడితోనే తిరుగుతున్నావంటున్నారు. నువ్వూనా?"

"నేను కాదండి," అన్నాను. "వాడేనండి."

అంతే. ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయమొక్కటే అయితే తెలియదని చెప్పి బయటపడేవాణ్ని కదా? నాకు ఆ పదవి కావాలి. పైగా సుధీర్ మాట్లాడుతుంటే కుర్రాళ్లంతా అతన్నే చూస్తూ ఉండిపోవడం నాకు లోలోపల గుచ్చుకునేది. ప్రేమించిన మనిషి మీద కూడా అంత కుళ్లు ఉంటుందని అప్పుడు తెలియదని చెప్పాలనుంది. తెలుసు.

జగ్గయ్యపేట సభలో సుధీర్ మైకు ముందుకు రాగానే ఈలలు మొదలయ్యాయి. చీర కట్టుకురమ్మని ఎవడో అరిచాడు. ఇంకొకడు వేదికెక్కి మైకు లాక్కుని, అతని ఊరి పేరు, తండ్రి పేరు చెప్పి మరీ ఆ సంగతి బయటపెట్టాడు. హాలంతా నవ్వింది. వేదిక మీద కూర్చున్న నేనూ నవ్వాను.

కబురు సుధీర్ కంటే ముందే వత్సవాయి చేరింది. తండ్రి గడప తొక్కనివ్వలేదు. చర్చిలో ఆ దంపతుల పక్కన కూర్చోవడం మానేశారు. సుధీర్ ఒక బ్యాగుతో తిరిగి నందిగామ వచ్చాడు. చెప్పింది మల్లికక్కేనని అతనికి గట్టి నమ్మకం. నా పేరు బయటికి రాలేదు, అదే చాలన్నాడు. ఆ మాటకు నేను తలూపాను.

హైదరాబాద్ బస్సెక్కే ముందు బస్టాండులో ఆమెను నిలదీశాడు. నేను అతని పక్కనే ఉన్నాను. మల్లికక్క నా వైపు చూసింది. చెప్పింది ఎవరో ఆమెకు అర్థమైంది. నోరు విప్పితే నిజంతో పాటు నా గుట్టూ నలుగురిలో పడుతుంది. రహస్యం దాచలేదని తిట్లు తింటూ, ఆ క్షణంలో కూడా ఆమె దాచింది. నేను సుధీర్ బ్యాగు బస్సులోకి అందించాను.

సొంతవాళ్లనే పట్టించిందని తోటివాళ్లు ఆమెను వెలివేశారు. ఊరు వదిలి ఖమ్మం వైపు వెళ్లిందన్నారు. నేను వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం. సుధీర్ ఫోన్ నంబరు మార్చేశాడు. నాకు పదవి వచ్చింది.

ఈ ఏడాది పార్టీకి ట్రాన్స్‌జెండర్ల ఓట్లు గుర్తొచ్చాయి. విభాగం పెట్టి, దానికి నన్నే ఇన్‌ఛార్జిని చేశారు. మొన్న వేదిక మీద, మొదటి నుంచీ వీళ్ల కోసం కొట్లాడిన నాయకుడని నన్ను పరిచయం చేశారు. ఆనాడు ఈలలు వేసినవాళ్లే దండ వేశారు. వాళ్ల మీద నాకు అసహ్యం వేసింది. దండ మాత్రం తీయలేదు. మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు. కిందికి దిగాక వాళ్లలో ఒక పిల్ల నా చేతులు పట్టుకుని, అన్నా, మీరుంటే మాకు ధైర్యం అంది. ఆ చేతులను విడిపించుకోవడం నా వల్ల కాలేదు.

సుధీర్‌ను వెతికి చెబుతానా? మల్లికక్క ముందు నిలబడగలనా? ఏమో. నన్ను నేను నమ్మను. క్షమించమని నిన్ను అడగడం లేదు, అది నీ చేతిలో లేదు. అతన్ని పట్టించింది నేను. ఆమెను బలిపెట్టింది నేను. ఇది ఇప్పుడు నీకూ తెలుసు. ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.