బంతిపూల తాడుతో వెళ్లిపోయిన జీపు

పొలాలన్నీ పోయి పేరొక్కటే మిగిలిన ఆ రోజుల్లో, ఆ పేరును నిలబెట్టే భారమంతా మా తాత కొన్న జీపు మీదా, ఇరవై రెండేళ్ల నా వెన్నెముక మీదా ఉందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అప్పుడు నేను నంద్యాలలో ఒక విత్తనాల అంగడిలో గుమస్తాను. (ఆళ్లగడ్డలో మాత్రం "విత్తనాల వ్యాపారం చూస్తున్నాను" అని చెప్పేవాణ్ణి.) జీపు కదిలి రెండేళ్లయింది. పక్కింటి మేకలు వెనక సీట్లో కాపురం పెట్టాయి. అయినా ఇంటికి వచ్చినప్పుడల్లా మేకలను తోలేసి, స్టీరింగు ముందు కాసేపు కూర్చుంటే గానీ నాకు అన్నం దిగేది కాదు. నన్ను మొదటిసారి బడికి తీసుకుపోయింది ఆ జీపే, అమ్మను చివరిసారి ఆసుపత్రికి తీసుకుపోయిందీ అదే.

ఒక ఆదివారం నాయన చల్లగా చెప్పాడు. "నంద్యాల మెకానిక్కుకు ఇచ్చేస్తాండా. ఇప్పితే విడి సామాన్లకు పనికొస్తాదంట. రేపు పొట్టన్న ట్రాక్టరుకు కట్టి లాక్కపోతాడు."

పొట్టన్న ఒకప్పుడు మా ఎద్దులు తోలిన మనిషి కొడుకు. మా చివరి పొలం కొన్నదీ అతనే. "మన జీపును తాడేసి ఈడ్చుకుపోతే ఈ బజార్లో నేను మళ్లా తలెత్తలేను నాయనా" అన్నాను.

"కొన్నాళ్లు ఎత్తకు. మెడకైనా నెమ్మది" అన్నాడు నాయన.

ఊరు దాటేదాకా ఆ తాడు ఎవరికీ కనపడకూడదు. అందుకని దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా బంతిపూల దండలు చుట్టాను. మర్నాడు పొద్దున నేను స్టీరింగు ముందు, నాయన నా పక్కన కూర్చుని బయల్దేరాం. టీ అంగడి ముందు ఒకాయన గ్లాసు పట్టుకుని లేచి, "పెండ్లి యాడప్పా? మాకు చెప్పనేలేదే" అన్నాడు.

"పెండ్లి అయిపోయిందిలే. ఇవి అప్పగింతలు" అన్నాడు నాయన.

నా ముఖం మాడిపోయింది. బండి నేనే నడుపుతున్నానని జనానికి ఎట్లాగైనా తెలియాలి. బ్యాటరీ లేకపోయినా పలికే రబ్బరు బుడ్డి హారన్ ఒకటి తలుపు పక్కన ఉండేది. ఊరి చివర, కాలువ వంతెన ముందున్న దిగుడులో, బస్సు కోసం నిలబడ్డ జనం కనపడగానే దాన్ని నాలుగుసార్లు గట్టిగా పిసికాను.

ఆ హారన్ వినపడితే పక్కకు తప్పుకోవాలని పొట్టన్నకు వాళ్ల నాయన చిన్నప్పుడే నేర్పించాడు. పొట్టన్న తప్పుకున్నాడు. ట్రాక్టరును ఎడమకు తీసి, ఆపి, పొమ్మని చేత్తో సైగ కూడా చేశాడు. మేము అతన్ని దాటుకుని ముందుకు పోయాం. (బ్రేకులు లేవన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.) తాడు బిగిసింది, పూలు రాలాయి, తాడు పుటుక్కున తెగింది. జీపు రోడ్డు దిగి వరిమడిలోకి పోయి నిలబడింది.

పొట్టన్న పరుగెత్తుకొచ్చాడు. "ఏందప్పా, నువ్వే గదా దారి అడిగింది?"

"కట్టేసిన బండికి దారెట్లా ఇస్తావన్నా?"

"ఆ హారన్ ఇనంగానే చేతులు వాటంతటవే తిరిగినాయ్. నేనేం జేసేది?"

నాయన అప్పటికే పంచె ఎగగట్టి బురదలోకి దిగాడు. బస్సు కోసం నిలబడ్డ వాళ్లూ వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. "నువ్వూ దిగప్పా, బరువు తగ్గుతాది" అన్నాడు పొట్టన్న. స్టీరింగు పట్టుకునే మనిషి ఒకడుండాలని చెప్పాను. చక్రాలు సగానికి పైగా బురదలో ఉన్నాయి, స్టీరింగు ఎటు తిప్పినా తిరగదు. అది అందరికీ తెలుసు. నేను నిటారుగా కూర్చుని ముందుకే చూస్తుంటే, వాళ్లు జీపును నాతో సహా రోడ్డెక్కించారు.

నాయన ఆయాసపడుతూ జీపు వెనక చెయ్యి ఆనించి నిలబడటం పక్క అద్దంలో కనిపించింది. "ఇన్నేండ్లు దీంట్లో కూసున్నా గానీ, ఎనక నుంచి ఎట్లుంటాదో ఇప్పుడే చూస్తాండా పొట్టన్నా. బాగనే ఉంది."

"మేము ఎప్పుడూ అట్లనే చూసినాం పెద్దాయనా, దుమ్ములో" అన్నాడు పొట్టన్న. ఇద్దరూ పగలబడి నవ్వారు. తరవాత తాడును ముడేసి, పూలూ గీలూ లేకుండా, నంద్యాల దాకా లాక్కుపోయారు.

ఇప్పుడు నేను నంద్యాలకు బస్సులో, ఎక్కువసార్లు నిలబడే పోతుంటాను. ఆ మడి దగ్గరికి రాగానే వంగి కిటికీలోంచి చూస్తాను. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయిన ఆ కుర్రవాడితో, దిగి మీ నాయన పక్కన నువ్వూ ఒక చెయ్యి వెయ్యరా అని చెప్పాలనిపిస్తుంది. వినడు. వాడి సంగతి నాకు బాగా తెలుసు.